కళాశాల క్రీడల ఛాయాచిత్రాల విక్రయం: పత్రికా ప్రవేశపత్రం ఇచ్చే హక్కులు, పరిమితులు

టెక్కలి: పత్రికా ప్రతినిధికి ఇచ్చిన ప్రవేశపత్రంతో కళాశాల క్రీడా మైదానంలోకి వెళ్ళి తీసిన ఛాయాచిత్రాన్ని పత్రికకు పంపిన తరువాత ఇతరులకు కూడా విక్రయించవచ్చునా అనే ప్రశ్నకు దేశంలోని ఏ ఒక్క చట్టంలోనూ సూటి సమాధానం లేదు. కాపీరైటు చట్టం, నిర్వాహకులు విధించిన ప్రవేశ షరతులు, క్రీడాకారుని సమ్మతి అనే మూడు అంశాలను కలిపి చూసినప్పుడే సమాధానం లభిస్తుంది. పాత్రికేయుల, కళాశాలల అధికారుల ఉపయోగార్థం ఆ వివరాలు ఇక్కడ పొందుపరచబడినవి.

టెక్కలి మండలంలోని రావివలస ఎండల మల్లికార్జున స్వామి క్షేత్రంగా ప్రసిద్ధి పొందిన గ్రామం. ఇక్కడి నుంచి పలాస మీదుగా ఉద్దానం తీరం వరకు గల గ్రామాల విద్యార్థులు చదివే డిగ్రీ కళాశాలలు, 2008లో ఎచ్చెర్లలో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం పరిధిలోనివి. అంతకు ముందు ఇవి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేవి. ఈ ప్రాంతంలో జరిగే అంతర్ కళాశాలల పోటీలకు పత్రికల తరఫున హాజరయ్యేది ఎక్కువగా మండల స్థాయి విలేకరులే. వీరిలో పలువురు నెల జీతం మీద కాక, ప్రచురితమైన వార్తకు, ఫొటోకు ఇంత చొప్పున పారితోషికం పొందుతూ పనిచేసేవారు. ఫొటో స్టూడియో నడుపుకుంటూ పత్రికకు చిత్రాలు పంపేవారూ ఉంటారు.

కబడ్డీ పోటీలో ఒక విద్యార్థిని ప్రత్యర్థిని ఒడిసి పట్టిన క్షణం పత్రికకు వార్తాచిత్రం. ఆ అమ్మాయి కుటుంబానికి అది గోడకు తగిలించుకునే జ్ఞాపకం. ఒక విద్యాసంస్థకు ప్రవేశాల సమయంలో ఫ్లెక్సీ మీద వేసుకునే ప్రకటన. చిత్రం ఒక్కటే అయినప్పటికీ ఈ మూడు వినియోగాలకు వర్తించే నియమాలు ఒకటి కావు. వివాదాలు తలెత్తేది కూడా ఇక్కడే.

అక్రిడిటేషన్ వేరు, మైదాన ప్రవేశం వేరు

అక్రిడిటేషన్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. రాష్ట్రంలో సమాచార పౌరసంబంధాల శాఖ ద్వారాను, జిల్లాలలో కలెక్టరు అధ్యక్షతన గల కమిటీ ద్వారాను ఇది మంజూరవుతుంది. వార్తా సేకరణకు సౌకర్యం కల్పించడమే దీని ఉద్దేశం. పత్రికా సమాచార కార్యాలయం 2022 ఫిబ్రవరిలో ప్రకటించిన కేంద్ర మీడియా అక్రిడిటేషన్ మార్గదర్శకాలు, అక్రిడిటేషన్ వలన ఎవరికీ అధికారిక హోదా గాని ప్రత్యేక హోదా గాని సంక్రమించదని, అది వృత్తి పాత్రికేయునిగా గుర్తింపు మాత్రమేనని స్పష్టం చేశాయి. దుర్వినియోగం జరిగినట్లు తేలితే దానిని నిలుపుదల చేయడానికి, ఉపసంహరించడానికి వీలున్నది.

మైదాన ప్రవేశపత్రాన్ని ఇచ్చేది ప్రభుత్వం కాదు, పోటీల నిర్వాహకులు. కళాశాల కావచ్చు, విశ్వవిద్యాలయం కావచ్చు, క్రీడా సంఘం కావచ్చు. అక్రిడిటేషన్ కార్డు ఉన్నంత మాత్రాన మైదానం గీత దగ్గర కూర్చునే హక్కు రాదు. అదే విధంగా, మైదాన ప్రవేశపత్రం మీది ఒక షరతును పాటించకపోయినంత మాత్రాన అది అక్రిడిటేషన్ నిబంధనల ఉల్లంఘన కాదు. ఈ రెంటినీ కలిపి చూడడం వలన కొన్ని సందర్భాలలో చిన్న తగాదా కూడా పెద్ద ఫిర్యాదుగా మారుతుంది.

వార్త కోసం వెళ్ళి తీసిన ఫొటోను క్రీడాకారిణి తండ్రి అడిగితే ప్రింటు వేయించి ఖర్చు తీసుకోవడాన్ని దుర్వినియోగం అనడం సబబు కాదు. ఏ పత్రికకూ పంపే ఉద్దేశం లేకుండా, కార్డు చూపి లోపలకు వెళ్ళి, రోజంతా తీసిన ఫొటోలను సాయంత్రం బల్ల వేసి అమ్ముకోవడం మాత్రం వార్తా సేకరణ కిందకు రాదు. కార్డు ఇచ్చిన ఉద్దేశం నెరవేరినదా లేదా అన్నదే అధికారులు పరిశీలించవలసిన అంశం. అమ్మకం జరిగిందా అన్నది దాని తరువాతి ప్రశ్న.

ఛాయాచిత్రం ఎవరి సొత్తు

కాపీరైటు చట్టం, 1957 రెండవ సెక్షన్ ప్రకారం ఛాయాచిత్రానికి కర్త దానిని తీసిన వ్యక్తి. కెమేరా ఎవరిదన్నదానితో నిమిత్తం లేదు. చిత్రం తీసిన క్షణంలోనే హక్కు ఏర్పడుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఫొటోలో ఉన్న వ్యక్తికి గాని, పోటీ నిర్వహించిన కళాశాలకు గాని కేవలం ఆ కారణంగా కాపీరైటు రాదు. అయితే కర్తయే ఎల్లప్పుడూ తొలి యజమాని అని అనుకోరాదు. 17వ సెక్షన్‌లో ఇందుకు కొన్ని మినహాయింపులున్నాయి. ప్రస్తుత విషయానికి ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది వార్తాపత్రిక ఉద్యోగికి సంబంధించినది. దీనిని చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. పత్రిక, మేగజైన్ లేదా నియతకాలిక యాజమాన్యం వద్ద ఉద్యోగ ఒప్పందం మీద పనిచేసే వ్యక్తి, ఆ పత్రికలో ప్రచురణ నిమిత్తం తీసిన చిత్రానికి యాజమాన్యమే తొలి యజమాని. కాని అది పత్రికలో గాని, అటువంటి నియతకాలికంలో గాని ప్రచురించే మేరకు మాత్రమే. మిగిలిన అన్ని విషయాలలో తొలి యజమాని చిత్రం తీసిన వ్యక్తియేనని చట్టం చెబుతున్నది. అనగా జీతం మీద పనిచేసే ఫొటోగ్రాఫర్ తీసిన వాలీబాల్ పోటీ చిత్రాన్ని జిల్లా అనుబంధంలో వేసుకునే హక్కు పత్రికది. దానిని ప్రింటు వేసి క్రీడాకారునికి విక్రయించే హక్కు, విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు, ఫొటోగ్రాఫరుది. తాను ఉద్యోగి కనుక ఫొటో మీద తనకేమీ మిగలదని అనుకునే ఫొటోగ్రాఫర్, ఉద్యోగి తీసినది కనుక సర్వహక్కులు తనవేనని అనుకునే యాజమాన్యం, ఇద్దరూ చట్టాన్ని సరిగా చదవనట్లే.

ఇక్కడ 'విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు' అన్న మాట కీలకం. నియామక పత్రంలో సర్వహక్కులూ సంస్థకే చెందుతాయని వ్రాసి ఫొటోగ్రాఫర్ సంతకం చేసి ఉంటే ఆ షరతే చెల్లుతుంది. కనుక విక్రయానికి ముందు చూడవలసిన మొదటి కాగితం మైదాన ప్రవేశపత్రం కాదు, నియామక పత్రం.

రెండవది, ప్రతిఫలం ఇచ్చి తీయించుకున్న ఛాయాచిత్రం. బహుమతి ప్రదానోత్సవం ఫొటోలు తీయమని కళాశాల ఒక స్టూడియోకు సొమ్ము చెల్లిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు వాటి తొలి యజమాని కళాశాల. ఉదయం పత్రిక తరఫున పోటీల ఫొటోలు తీసి, మధ్యాహ్నం అదే కెమేరాతో కళాశాల కోసం బహుమతుల ఫొటోలు తీసే వ్యక్తికి ఒకే మెమరీ కార్డులో రెండు రకాల యాజమాన్యాలు ఉంటాయి. రెంటినీ ఆనాడే విడదీసి భద్రపరచుకోవడం మేలు.

మూడవది, పత్రికలు కాని సంస్థల ఉద్యోగులకు సంబంధించినది. టెలివిజన్ ఛానల్ వంటి సంస్థలో ఉద్యోగ విధిగా తీసిన చిత్రానికి, విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు, యజమాని సంస్థయే పూర్తి హక్కుదారు. పత్రికా ఉద్యోగికి ఉన్న వెసులుబాటు ఇక్కడ లేదు. నాలుగవది ప్రభుత్వ కృతి. ప్రభుత్వ శాఖ ఆదేశంతో లేదా అజమాయిషీలో తీసిన ఛాయాచిత్రానికి, వేరే ఒప్పందం లేనప్పుడు, ప్రభుత్వమే తొలి యజమాని. ప్రభుత్వ క్రీడోత్సవాలలో శాఖ ఫొటోగ్రాఫర్లు విధి నిర్వహణలో తీసిన చిత్రాలను వ్యక్తిగతంగా విక్రయించే వీలు లేదు.

ఇక ప్రచురితమైన ఫొటోకు ఇంత అని పారితోషికం తీసుకునే కంట్రిబ్యూటరు స్థితి. ఉద్యోగ ఒప్పందం లేనందున ఇతడు సాధారణంగా మొదటి మినహాయింపులోకి రాడు. తనంతట తానుగా మైదానానికి వెళ్ళి తీసి పంపిన చిత్రమైతే యజమాని అతడే; పత్రికకు ఇచ్చినది ప్రచురణకు అనుమతి మాత్రమే. డెస్క్ ప్రత్యేకంగా పురమాయించి, ప్రతిఫలం చెల్లించి తీయించిన చిత్రమైతే రెండవ మినహాయింపు వర్తిస్తుందని పత్రిక వాదించవచ్చు. వివాదం వచ్చినప్పుడు ఫోనులో చెప్పిన మాటకన్నా సందేశరూపంలో ఉన్న ఒక్క వాక్యం ఎక్కువ ఉపయోగపడుతుంది.

హక్కు బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం లిఖితపూర్వక పత్రం, దానిపై సంతకం ఉండాలి. ఆ పత్రంలో కాలపరిమితి వ్రాయకపోతే 5 సంవత్సరాలుగాను, ప్రాంతం వ్రాయకపోతే భారతదేశ పరిధిగాను భావించబడుతుంది. ఛాయాచిత్రాలకు పూర్వం ప్రచురణ నుంచి 60 సంవత్సరాల రక్షణ ఉండేది. 2012 జూన్ 21న అమలులోకి వచ్చిన సవరణతో ఇతర కళాకృతుల వలెనే కర్త జీవితకాలం, ఆపైన 60 సంవత్సరాలు వర్తిస్తున్నది. 20 ఏళ్ళ వయసులో మైదానంలో ఫొటో తీసిన విలేకరి మనుమలకు కూడా ఆ చిత్రంపై హక్కు ఉండవచ్చు.

నిర్వాహకుల షరతులు ఎంతవరకు చెల్లుతాయి

మైదానం తమ ఆధీనంలో ఉన్నందున ప్రవేశానికి షరతులు విధించే అధికారం నిర్వాహకులకు ఉన్నది. 'వార్తా వినియోగానికి మాత్రమే. విక్రయం నిషిద్ధం' అని వ్రాసిన ప్రవేశపత్రాన్ని స్వీకరించి లోపలకు వెళ్ళిన వ్యక్తి ఆ షరతుకు కట్టుబడి ఉండవలసిందే. దానిని అతిక్రమిస్తే అది ఒప్పంద ఉల్లంఘన. నిర్వాహకులు నష్టపరిహారం కోరవచ్చు, తదుపరి పోటీలకు ప్రవేశం నిరాకరించవచ్చు. అంతేగాని కాపీరైటు వారికి మారిపోదు. ఫొటోలు తమకు అప్పగించమని గాని, చెరిపివేయమని గాని ఆ షరతు ఆధారంగా ఒత్తిడి చేయడం తగదు.

షరతు ముందుగా తెలియజేయబడి ఉండాలి. పోటీలు ముగిసిన తరువాత వాట్సాప్ గ్రూపులో పెట్టిన సందేశం ప్రవేశ షరతు కాజాలదు. గేటు గాని, పాసు గాని లేకుండా ఊరి బహిరంగ స్థలంలో జరిగే పోటీలకు అసలు ఒప్పందమన్నదే ఉండదు. ప్రభుత్వ కళాశాల నిర్వాహక సంస్థ అయినప్పుడు మరొక విషయం కూడా గమనించాలి. ఒక పత్రికకు ఒక షరతు, మరొక పత్రికకు ఇంకొక షరతు పెట్టడం రాజ్యాంగం 14వ అధికరణం దృష్ట్యా ప్రశ్నార్హమవుతుంది.

ఇటువంటి వివాదాలు పెద్ద క్రీడలలో ముందే వచ్చాయి. 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగ్ తొలి పోటీల సమయంలో ఫొటోల వినియోగంపై విధించిన అక్రిడిటేషన్ షరతులను వార్తాసంస్థలు వ్యతిరేకించాయి. 2012 నవంబరులో ఇంగ్లండ్‌తో టెస్టు సిరీస్‌కు గెట్టీ ఇమేజెస్ వంటి ఫొటో ఏజెన్సీలకు భారత క్రికెట్ నియంత్రణ మండలి ప్రవేశం నిరాకరించగా, రాయిటర్స్, అసోసియేటెడ్ ప్రెస్, ఏఎఫ్‌పీ సంస్థలు నిరసనగా తమ కవరేజీని నిలిపివేశాయి. వార్తాసంస్థ ఎవరు, ఫొటోల వ్యాపారి ఎవరు అన్నదే అక్కడి తగాదా.

విద్యార్థి క్రీడలకు సంబంధించి అమెరికాలోని ఇల్లినాయిస్ ఉదంతం మన పరిస్థితికి మరింత దగ్గరగా ఉంటుంది. అక్కడి ఉన్నత పాఠశాలల క్రీడా సంఘం రాష్ట్రస్థాయి పోటీల ఫొటోల విక్రయానికి ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందం చేసుకుని, పత్రికల ఫొటోగ్రాఫర్లు తమ చిత్రాలను పాఠకులకు అమ్మరాదని షరతు విధించింది. ఆ విద్యార్థులు మన ఇంటర్మీడియట్ విద్యార్థుల వయసువారే. 2007 నవంబరులో ఫుట్‌బాల్ ఫైనల్స్ వద్ద షరతుకు అంగీకరించని ఫొటోగ్రాఫర్లకు మైదానంలో ప్రవేశం లభించలేదు. రాష్ట్ర పత్రికల సంఘం న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2008లో రాజీ కుదరగా పత్రికలకు ప్రవేశంతో పాటు తమ ఫొటోలను విక్రయించుకునే వీలు కూడా కలిగింది. దీనికి భిన్నంగా, పొరుగు రాష్ట్రమైన విస్కాన్సిన్‌లో పోటీ మొత్తాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేసే హక్కును ఒక సంస్థకే ఇచ్చుకునే అధికారం క్రీడా సంఘానికి ఉన్నదని 2011 ఆగస్టులో అప్పీలు న్యాయస్థానం తీర్పునిచ్చింది. పోటీని గురించి వార్త వ్రాయడం ఒకటి, పోటీనంతటినీ ప్రసారం చేయడం మరొకటి అన్నది ఆ తీర్పు సారాంశం. ఈ తీర్పులు, రాజీలు మన న్యాయస్థానాలపై కట్టుబాటు కలిగించేవి కావు.

షరతులు పెట్టే కళాశాలలకు కూడా ఒక బాధ్యత ఉన్నది. పత్రికలో వచ్చిన ఫొటో కటింగును నోటీసు బోర్డుకు అంటించడం వేరు. అదే ఫొటోను స్కాన్ చేసి ఫ్లెక్సీలోను, కరపత్రంలోను ముద్రించడం వేరు. రెండవది పునరుత్పత్తి. దానికి హక్కుదారు అనుమతి అవసరం, 30వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లిఖితపూర్వకంగా ఉండాలి. విలేకరి ఫొటోలు అమ్ముకోరాదని ఆంక్ష పెట్టి, ఆ ఫొటోనే అడగకుండా ప్రవేశాల ప్రకటనకు వాడుకోవడం సమంజసం కాదు.

క్రీడాకారుని సమ్మతి

మైదానంలో అందరి ఎదుట ఆడిన క్రీడాకారుని చిత్రాన్ని వార్తగా ప్రచురించడానికి అతని అనుమతి అవసరం లేదు. వార్త పరిధి దాటి వ్యాపార ప్రయోజనం వైపు వెళ్ళినప్పుడు పరిస్థితి మారుతుంది. 1994లో ఆర్. రాజగోపాల్ వర్సెస్ తమిళనాడు రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు, ఒక వ్యక్తి పేరును గాని రూపాన్ని గాని అతని సమ్మతి లేకుండా ప్రకటనకు వాడుకోవడం గోప్యత హక్కుకు భంగమని గుర్తించింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. వ్యక్తిత్వ ప్రచార హక్కు వ్యక్తికే చెందుతుందని, క్రీడోత్సవానికో దాని నిర్వాహకులకో చెందదని ఢిల్లీ హైకోర్టు 2003లో అంతర్జాతీయ క్రికెట్ మండలికి చెందిన సంస్థ వేసిన కేసులో తెలిపింది. అదే న్యాయస్థానం 2023లో మరొక కేసులో ఈ హక్కు నిరపేక్షమైనది కాదని, వార్త, వ్యాఖ్య, కళ వంటి వినియోగాలకు అడ్డు రాదని కూడా పేర్కొన్నది.

దీనిని బట్టి క్రీడాకారిణికి, ఆమె తల్లిదండ్రులకు ఆమె ఫొటోను విక్రయించడంలో సమ్మతి సమస్య రాదు, అడిగినవారే వారు. కోచింగ్ సంస్థకో, దుస్తుల దుకాణానికో ప్రకటన కోసం విక్రయించదలిస్తే కాపీరైటు ఒక్కటే చాలదు. క్రీడాకారిణి లిఖితపూర్వక సమ్మతి కూడా కావాలి. ఫొటోగ్రాఫర్ తన హక్కును అమ్ముకోగలడు గాని ఆమె హక్కును అమ్మలేడు. ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించిన జిల్లా ఇది. నేడు ఎవరికీ తెలియని క్రీడాకారిణి రూపానికి రేపు ఎంత విలువ వస్తుందో ముందుగా చెప్పలేము. అమెరికాలో కూడా కళాశాల క్రీడాకారులు తమ పేరు, రూపాల ద్వారా ఆదాయం పొందడానికి 2021 జులై 1 నుంచి మాత్రమే జాతీయ కళాశాలల క్రీడా సంఘం అనుమతించింది.

కళాశాల అనే మాట మన రాష్ట్రంలో జూనియర్ కళాశాలలకూ వర్తిస్తుంది. ఇంటర్మీడియట్ విద్యార్థులలో అత్యధికులు 18 సంవత్సరాలు నిండనివారు. భారత ఒప్పందాల చట్టం, 1872 లోని 11వ సెక్షన్ ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు నేటికీ ప్రమాణం. అందువలన పదిహేడేళ్ళ విద్యార్థి వ్రాసి ఇచ్చిన అంగీకార పత్రానికి చట్టరీత్యా విలువ లేదు. తల్లి గాని, తండ్రి గాని, సంరక్షకుడు గాని సంతకం చేయాలి. వ్యాయామ అధ్యాపకుడు గాని ప్రిన్సిపాల్ గాని వారి బదులు సమ్మతి ఇవ్వజాలరు.

డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం, 2023 కూడా 18 ఏళ్ళలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతిని నిర్దేశించింది. ఈ చట్టంలో పాత్రికేయ వృత్తికి ప్రత్యేక మినహాయింపు ఇవ్వబడలేదు. దీని నియమాలు 2025 నవంబరులో ప్రకటించబడినవి. ప్రధానమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇవ్వబడింది. పోటీలో పాల్గొన్న బాలికలందరి ఫొటోలను పేరు, ఊరు, తరగతి వివరాలతో అమ్మకానికి బహిరంగంగా ఆన్‌లైన్‌లో పెట్టే పద్ధతిని ఈ గడువు ముగిసే వరకు ఆగకుండా ఇప్పుడే మానుకోవడం ఉచితం. కొనదలచినవారు ఎవరో తెలుసుకుని, వారి బిడ్డ ఫొటోను వారికి మాత్రమే ఇవ్వడంలో ఫొటోగ్రాఫరుకు పోయే ఆదాయం స్వల్పం. కొత్తవారి చేతికి చేరిన ఒక్క చిత్రం వలన ఒక అమ్మాయి ఆటే మానుకోవలసి రావచ్చు.

ప్రవేశపత్రంలో ఉండవలసిన వివరాలు

పోటీలు నిర్వహించే కళాశాలలు ప్రవేశపత్రం వెనుకవైపు నాలుగైదు వాక్యాలు తెలుగులో ముద్రించినట్లయితే వివాదాలు చాలావరకు తగ్గుతాయి. ఫొటోలు వార్తకు మాత్రమేనా, క్రీడాకారుల కుటుంబాలకు ప్రింట్లు ఇవ్వవచ్చునా అన్నది సూటిగా వ్రాయాలి. కుటుంబాలకు విక్రయించడాన్ని కూడా నిషేధించదలచిన కళాశాల, ఆ ఫొటోలు విద్యార్థులకు మరే మార్గంలో లభిస్తాయో కూడా చెప్పడం న్యాయం. అధికారిక ఫొటోగ్రాఫరుకు ప్రత్యేక హక్కు ఇచ్చి ఉంటే ఆ విషయం పత్రికలకు ముందే తెలియాలి. ప్రకటనలకు వాడకూడదన్న షరతు అన్ని పోటీలకూ అవసరమే. 'అన్ని హక్కులూ కళాశాలవే' అన్న ఒక్క వాక్యం మాత్రం నిష్ప్రయోజనం. సంతకం లేని ఆ కాగితంతో కాపీరైటు బదిలీ కాదు.

ఫొటోపై తన పేరు ఉండాలని కోరే హక్కు 57వ సెక్షన్ ప్రకారం ఛాయాచిత్ర కర్తకు హక్కులు బదిలీ చేసిన తరువాత కూడా మిగిలే ఉంటుంది. అనుమతి లేకుండా ఫొటోను వాడుకున్నవారిపై సివిల్ దావాతో పాటు, తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల రూపాయల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలున్నది. వ్యాపార లాభం కోసం చేసినది కానప్పుడు, కారణాలు నమోదు చేసి న్యాయస్థానం శిక్షను తగ్గించవచ్చు. దావా వేయదలచిన వ్యక్తి ప్రతివాది ఉన్న నగరానికి వెళ్ళనవసరం లేకుండా తాను నివసించే చోటనే, అధికార పరిధి గల జిల్లా న్యాయస్థానంలో దాఖలు చేసుకునేందుకు 62వ సెక్షన్ అవకాశం కల్పిస్తున్నది.